రోడ్ సైకిల్ షూ, క్లీట్, పెడల్: ఏది దేనికి పడతాది, మన రోడ్లకి ఏది తీసుకోవాల

చాలామంది ముందు షూ కొంటారు. ఆఫర్లో ఉంది, కలర్ బాగుంది, సైజు దొరికింది, అంతే. తర్వాత పెడల్ కొంటారు, అది ఇంకో కంపెనీది, ఇంకో రకం. పార్సెల్ విప్పి చూస్తే షూ అడుగున మూడు రంధ్రాలు, పెడల్ బాక్సులో వచ్చిన క్లీట్‌కి (షూ అడుగున బిగించుకుని పెడల్లో ఇరికించే ముక్క) రెండు బోల్టులు. ఇంక రిటర్న్ పెట్టడం, ఎదురుచూడడం. ఈ సరుకు మామూలు సైకిల్ షాపులో అడిగితే మొహం చూస్తారు, చేత్తో పట్టుకుని చూడాలంటే చెన్నైకో విజయవాడకో పోవాల, అందుకని ఆర్డర్ కొట్టకముందే లెక్క తేల్చుకోవాల. వరస ఇది: మీరు తొక్కే తీరుని బట్టి పెడల్, పెడల్‌ని బట్టి క్లీట్, క్లీట్‌ని బట్టి షూ. షూ ఆఖర్న.

ముందు ఏం చూసుకోవాల

అన్నిటికన్నా ముందు, ఒక రైడ్‌లో కాలు ఎన్నిసార్లు కింద పెడతారు? బరువు, స్టిఫ్‌నెస్, ప్రో రైడర్లు ఏం వాడతారు, ఇవన్నీ తర్వాత. నెల్లూరు ఊళ్ళోంచి బయటపడేలోపే విజయమహల్ గేటు, ఆత్మకూరు బస్టాండు కాడ అండర్ బ్రిడ్జి, ఇండికేటర్ లేకుండా తిరిగే ఆటోలు, నడిరోడ్డు మీద పడుకున్న ఆవులు. ఒంగోల్లో అద్దంకి బస్టాండు సెంటర్ దాటాలన్నా ఇదే కత. అదే తెల్లారుజామున హైవే ఎక్కేసి నేరుగా కావలి దాకా పొయ్యి వెనక్కి వచ్చే మనిషైతే మధ్యలో కాలు దించేది ఒకట్రెండు సార్లే. ఈ ఇద్దరికీ ఒకటే పెడల్ చెప్పేవాళ్ళని నమ్మబాకండి.

రెండోది నడక. రైడ్ అన్నాక టిఫిన్ ఉంటాది, కారం దోశ లేకుండా నెల్లూరు రైడ్ అవ్వదు గదా. చీమకుర్తి పక్కనే ఉండబట్టి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హోటల్ మెట్లు, ఇంటి వరండాలు, గుడి బయట చేతులు కడిగే చోటు, యాడ చూసినా నున్నటి గ్రానైటే. దానిమీద నీళ్ళు పడుంటే ప్లాస్టిక్ క్లీట్‌తో నడవడం సర్కస్. ఈ సంగతి బయటి దేశం వాళ్ళ రివ్యూల్లో ఎక్కడా ఉండదు, మనకి మాత్రం బో ముఖ్యం.

మూడోది మోకాలు. క్లీట్ పెడల్లో ఇరుక్కున్నాక కూడా మడమ కాస్త అటూ ఇటూ కదలనిచ్చే వెసులుబాటుని ఫ్లోట్ అంటారు, డిగ్రీల్లో చెప్తారు. అసలు ఫ్లోట్ లేకుండా బిగించుకుని, క్లీట్ కొంచెం వంకరగా పెట్టుకున్నారంటే ఆ భారం మోకాలి మీద పడతాది.

ఇంక ఇసుక, బురద, ఉప్పుగాలి. మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల వైపు తొక్కేవాళ్ళకి ఇసుక తప్పదు. రొయ్యల గుంటల పక్క రోడ్లలో వాన పడితే బురద. ప్రకాశంలో నల్లరేగడి పొలాల వైపు దిగారంటే ఆ మన్ను షూకి అంటుకున్నాక వదిలేది కాదు. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి రాళ్ళు అడ్డం పెట్టుంటారు, ఎదురుగా లారీ వస్తే టక్కున కాలు దించాల్సిందే.

స్పేర్ క్లీట్ దొరకాలి, ఇది కూడా చిన్న విషయం కాదు. క్లీట్ అరిగిపొయ్యేదే, మళ్ళీ కొనాల్సిందే, ఆన్‌లైన్లో ఎప్పుడూ స్టాకు ఉండే రకమైతే తలనొప్పి ఉండదు. బరువు గురించి అడిగేవాళ్ళే ఎక్కువ, కానీ మన ఎండాకాలంలో రెండు బాటిళ్ళ నీళ్ళు లేకుండా ఎవరూ బయలుదేరరు, అవే కిలోన్నర దాకా ఉంటాయి, పెడల్లో వంద గ్రాములు తగ్గితే ఏం ఒరుగుతాది?

ఏ షూకి ఏ క్లీట్

| షూ అడుగున | బిగేవి | గుర్తుంచుకోవాల్సింది |
|---|---|---|
| 2 బోల్టులు | షిమానో ఎస్‌పీడీ, క్రాంక్ బ్రదర్స్, టైమ్ అటాక్ | రంధ్రాలు ఒకటే అయినా ఒకరి క్లీట్ ఇంకొకరి పెడల్‌కి పట్టదు |
| 3 బోల్టులు | షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్, లుక్ కియో, పాత లుక్ డెల్టా | ఇక్కడా అంతే, షూ ఒకటే, క్లీట్‌లు వేరు |
| 4 బోల్టులు | స్పీడ్‌ప్లే | 3 బోల్టుల షూకి మధ్యలో అడాప్టర్ ప్లేటు వేసి కూడా బిగించొచ్చు |
| 2, 3 రెండూ ఉన్నవి | ఎస్‌పీడీ గానీ ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ గానీ | కొన్ని ఎంట్రీ లెవెల్ షూలకే ఉంటాది, వివరాలు చదివి కొనండి |

ఎక్కువమంది బోర్లాపడేది కుడివైపు గడి దగ్గరే. షూకి మూడు రంధ్రాలున్నాయి కాబట్టి లుక్ క్లీట్, షిమానో క్లీట్ రెండూ బిగుస్తాయి, నిజమే, కానీ లుక్ కియో క్లీట్ పెట్టుకుని షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ పెడల్ తొక్కలేరు. కంటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, కొలతలు వేరు. ఇంకో సంగతి, రెండు బోల్టుల షూకి మూడు బోల్టుల క్లీట్ ఏ రకంగానూ పట్టదు, ఎవరన్నా జుగాడ్ చెప్తే వినబాకండి. మూడు బోల్టుల షూకి అడాప్టర్ వేసి రెండు బోల్టుల క్లీట్ పెట్టొచ్చు గానీ అడుగున గడ్డలాగా బయటికి ఉబ్బుతాది, నడక ఇంకా చెడుతాది.

షిమానో ఎస్‌పీడీ, రెండు బోల్టులది

1990లో మౌంటెన్ బైకుల కోసం వచ్చింది. క్లీట్ చిన్నది, స్టీలుది, షూ అడుగున రబ్బరు గుబ్బల మధ్య గుంటలో కూర్చుంటాది కాబట్టి నేలకి తగిలేది చాలావరకు రబ్బరే. కారం దోశ కాడికి మామూలు మనిషిలా నడిచి పోవచ్చు. ఎమ్520 లాంటి షిమానో పెడల్స్‌కి క్లీట్‌ని పట్టుకునే క్లిప్ రెండువైపులా ఉంటాది, సిగ్నల్ దగ్గర మళ్ళీ బయల్దేరేటప్పుడు పెడల్ ఏ వైపు తిరిగిందో కిందకి చూసుకోవాల్సిన పని లేదు. ట్రాఫిక్‌లో తొక్కేవాళ్ళకి ఈ ఒక్క సుఖం చాలు నన్నడిగితే.

క్లీట్‌లో రెండు రకాలున్నాయి. ఎస్‌హెచ్51 మడమని పక్కకి తిప్పితేనే వదుల్తాది. ఎస్‌హెచ్56 పక్కకి తిప్పినా, గట్టిగా వాలుగా పైకి లాగినా వదుల్తాది. కొత్తగా మొదలెట్టేవాళ్ళు 56తో మొదలుపెడితే ఆగేచోట అలాగే పక్కకి ఒరిగిపొయ్యే ఘట్టం కొంతవరకు తప్పుతాది. అయితే స్ప్రింట్ కొట్టేటప్పుడు కాలు పైకి లాగితే అనుకోకుండా ఊడే అవకాశం కూడా దానికే ఎక్కువ. పెడల్ బాక్సులో ఏది వస్తుందో చూసుకోండి, పాతవీ కొత్తవీ కలిపి వాడేటప్పుడు నంబరు క్లీట్ మీదే ఉంటాది.

లోపం ఏందంటే పాదానికి ఆనే జాగా తక్కువ. షూ సోల్ మెత్తగా ఉంటే రెండు మూడు గంటలు దాటాక పాదం ముందు భాగంలో ఒకేచోట మంట పుడతాది. దానికి మందు పెడల్ మార్చడం కాదు, సోల్ గట్టిగా ఉండే రెండు బోల్టుల షూ తీసుకోవడం. మట్టి, కంకర దారుల్లో తొక్కేవాళ్ళకని గ్రావెల్ షూల పేరుతో అమ్మేవి ఈ పనికి బాగా కుదురుతాయి. నున్నటి అడుగున్న రోడ్ షూకి ఎస్‌పీడీ క్లీట్ పెడితే మాత్రం రెంటికీ చెడ్డట్టే, స్టీలు ముక్క బయటికి పొడుచుకొచ్చి గ్రానైటు మీద ప్లాస్టిక్ కన్నా ఘోరంగా జారుతాది.

ఈహెచ్500 లాంటి పెడల్స్ ఒకవైపు క్లిప్, ఇంకోవైపు మామూలు ఫ్లాట్. ఆదివారం రైడ్, మిగతా రోజులు చెప్పులేసుకుని అంగడికి, రెండిటికీ ఒకే సైకిలుంటే ఇది చూడండి. కాకపోతే ప్రతిసారీ సరైన వైపు తిప్పుకోవాల, అది కొంచెం చిరాకే.

క్రాంక్ బ్రదర్స్, టైమ్ అటాక్ కూడా ఈ రెండు బోల్టుల కుటుంబమే. బురదలో బాగా పనిచేస్తాయి. క్రాంక్ బ్రదర్స్ క్లీట్ ఇత్తడిది, స్టీలు కన్నా తొందరగా అరుగుతాది. రోడ్ సైకిల్ వరకైతే వాటి జోలికి పోవాల్సిన పని నాకు కనపడలేదు.

షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్, మూడు బోల్టులది

ఇదీ అసలు రోడ్ పెడల్ అని అందరూ అనేది. క్లీట్ వెడల్పు, ప్లాస్టిక్‌ది, పాదం కింద పెద్ద జాగా. గట్టి సోల్ షూతో కలిస్తే తొక్కిన తొక్కు తొక్కినట్టు పెడల్‌కి పోతాది, గంటలకొద్దీ ఒకే వేగంతో తొక్కేవాళ్ళకి పాదం నొప్పి తక్కువ. ఒకవైపే క్లిప్ ఉంటాది. పెడల్ వెనక బరువుతో వేలాడతా ముక్కు పైకి పెట్టుకుని ఉంటాది, క్లీట్ ముందు కొనని దాంట్లో దూర్చి కిందకి తొక్కాల. అలవాటైతే కళ్ళు మూసుకుని చేస్తారు, అలవాటయ్యేదాకా ప్రతి జంక్షన్ దగ్గరా తంటా, వెనక హారన్లు.

క్లీట్ రంగులు మాత్రం శ్రద్ధగా చూడండి, ఎందుకంటే షిమానోలోనూ లుక్‌లోనూ ఒకే రంగుకి అర్థం తిరగబడతాది:

| ఫ్లోట్ | షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ | లుక్ కియో |
|---|---|---|
| అసలు లేదు, 0 డిగ్రీలు | ఎరుపు | నలుపు |
| మధ్యస్తం | నీలం, 2 డిగ్రీలు | బూడిద రంగు, 4.5 డిగ్రీలు |
| ఎక్కువ | పసుపు, 6 డిగ్రీలు | ఎరుపు, 9 డిగ్రీలు |

షిమానో ఎరుపంటే కాలు కదలదు, లుక్ ఎరుపంటే అన్నిటికన్నా ఎక్కువ కదుల్తాది. "ఎరుపు తీసుకో, బాగుంటాది" అని ఎవరన్నా సలహా ఇస్తే ఏ కంపెనీ ఎరుపన్నా అని అడగండి ముందు. షిమానోలో పసుపుతోనే మొదలుపెట్టండి, చాలా పెడల్స్‌తో బాక్సులో వచ్చేది కూడా అదే. ఫిట్టింగ్ తెలిసినవాళ్ళు కూర్చోబెట్టి కొలిచి చెప్తే తప్ప 0 డిగ్రీలది కొనబాకండి.

నడక గురించి పైన చెప్పిందే. రబ్బరు క్లీట్ కవర్లు కొనుక్కుని జెర్సీ జేబులో వేసుకోండి, దిగంగానే తొడగండి. జారకుండా ఉండడమే కాదు, క్లీట్ ఆయుష్షు కూడా పెరుగుతాది. కంకర మీద, తారు మీద పది అడుగులు నడిచినా ప్లాస్టిక్ అరుగుతానే ఉంటాది.

లుక్ కియో

ఈ మూడు బోల్టుల పద్ధతికి మూలం లుక్ కంపెనీనే. మంచు మీద జారే స్కీలకి బూటుని బిగించే బైండింగులు చేసే ఫ్రాన్స్ కంపెనీ, ఆ కిటుకునే 1984లో సైకిల్ పెడల్‌కి తెచ్చింది, 1985లో బెర్నార్డ్ హినో ఆ పెడల్స్‌తోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు, అక్కడినుంచి కాలిని పెడల్‌కి కట్టే పాత తోలు పట్టీల పని అయిపొయింది. ఇప్పుడు అమ్మే కియో వేరు, ఆ పాత డెల్టా వేరు, సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు డెల్టా పెడల్ అంటగడతారేమో చూసుకోండి, కియో క్లీట్ దానికి పట్టదు.

తొక్కేటప్పుడు కియోకీ ఎస్‌పీడీ-ఎస్‌ఎల్‌కీ పెద్ద తేడా తెలియదు. 9 డిగ్రీల ఫ్లోట్ కావాలంటే లుక్‌లోనే ఉంది, అదొక్కటే గట్టి కారణం. మనకి స్పేర్ క్లీట్ సులభంగా దొరికేది షిమానోకి. ఇంకే కారణం లేకపోతే షిమానో వైపే పోండి. సైకిల్‌తో పాటు కియో పెడల్ వచ్చేసుంటే మార్చే పని లేదు, కియో క్లీట్ కొనుక్కుని అదే మూడు బోల్టుల షూకి బిగించుకోండి.

స్పీడ్‌ప్లే

2019 నుంచి వాహూ కంపెనీ చేతిలో ఉంది. దీని తీరే వేరు, పట్టుకునే స్ప్రింగు పెడల్లో కాకుండా క్లీట్‌లో ఉంటాది, పెడల్ గుండ్రటి చిన్న బిళ్ళలాగా ఉంటాది. రెండువైపులా క్లిప్ అవుతాది, ఫ్లోట్ 15 డిగ్రీల దాకా మనమే స్క్రూలతో సర్దుకోవచ్చు. మోకాలి సమస్య ఉండి, డాక్టరు తొక్కొచ్చు అన్నవాళ్ళకి ఇది నిజంగా పనికొస్తాది. అయితే ఖరీదు ఎక్కువ, క్లీట్‌లూ ఖరీదే, పైగా మైపాడు ఇసుకలో ఆ షూతో పది అడుగులు నడిచారంటే స్ప్రింగు మధ్యలో ఇసుక చేరి మళ్ళీ క్లిప్ అవ్వడానికి మొరాయిస్తాది. శుభ్రం చేసి లూబ్ వేసే ఓపిక లేనివాళ్ళకి వద్దు.

మరి ఎవరికి ఏది

ఊళ్ళో నుంచి బయల్దేరి మైపాడో జొన్నవాడో పొయ్యి ఎండ ఎక్కేలోపు ఇంటికొచ్చే ఆదివారం బ్యాచ్‌కి ఎస్‌పీడీ, రెండువైపుల పెడల్, ఎస్‌హెచ్56 క్లీట్, రబ్బరు గుబ్బలున్న షూ. రోడ్ సైకిల్‌కి మౌంటెన్ బైక్ పెడలా అని పక్కనోళ్ళు ఎగతాళి చేస్తే చెయ్యనీయండి, హోటల్ మెట్ల కాడ ఎవరు జాగ్రత్తగా పాక్కుంటా దిగుతారో చూద్దాం.

హైవే మనుషులు, అంటే వెంకటాచలం టోల్ వైపో టంగుటూరు టోల్ వైపో తెల్లారకముందే ఎక్కేసి సగటు వేగం చూసుకుంటా తొక్కేవాళ్ళు, రేసులకి పోవాలనుకునేవాళ్ళు, ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ పసుపు క్లీట్ తీసుకోండి. ఇంటికీ హైవేకీ మధ్య ట్రాఫిక్ ఉండే టైములో వెనక్కి వస్తారా, రారా, అదొక్కటి ఆలోచించుకోండి. పొద్దున ఐదుకి ఖాళీగా ఉన్న రోడ్డు తొమ్మిదికి అట్టా ఉండదు, అప్పటికి కాళ్ళు కూడా అలిసి ఉంటాయి.

బీఆర్‌ఎమ్‌లు, అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్లు, తొక్కేవాళ్ళ సంగతి వేరే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటల గడువు. ఇందులో సైకిల్ మీద కూర్చునేదెంతో దిగి నడిచేది కూడా అంత ముఖ్యం: కంట్రోల్ (దారిలో చెక్ చేసే చోటు) దగ్గర స్టాంపు, పెట్రోలు బంకులో బాత్రూమ్, అర్ధరాత్రి టీ కొట్టు, పంక్చరైతే సైకిల్ తోసుకుంటా వెలుతురున్న చోటికి పోవడం. గట్టి సోల్ ఉన్న రెండు బోల్టుల షూ, ఎస్‌పీడీ, ఇంకో ఆలోచన వద్దు. ఇప్పటికే మూడు బోల్టుల సెట్టు ఉంటే 200 దాకా లాగించొచ్చు, కవర్లు మర్చిపోకుండా.

మార్కాపురం, గిద్దలూరు వైపు ఉండి నల్లమల ఘాట్లు ఎక్కేవాళ్ళకి ఎక్కడంలో పాదానికి వెడల్పు జాగా ఉంటే హాయి, కాబట్టి మూడు బోల్టులు బాగుంటాయి. కానీ ఘాట్ మధ్యలో ఆగితే మళ్ళీ ఎత్తులో బయల్దేరి ఒకవైపు పెడల్‌ని వెతుక్కోవడం కష్టం. ఆగకుండా ఎక్కగలిగే దమ్ముంటే ఎస్‌పీడీ-ఎస్‌ఎల్, ఆగి ఆగి ఎక్కేవాళ్ళకి ఎస్‌పీడీ.

కాలేజీకి, డ్యూటీకి రోజూ తొక్కేవాళ్ళు, ఇంకా రోడ్డు మీద ధైర్యం రానివాళ్ళు అసలు క్లిప్ పెడల్ ఇప్పుడే కొనబాకండి. పిన్నులున్న మంచి ఫ్లాట్ పెడల్, గట్టి అడుగున్న బూటు చాలు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించండి.

షూ ఎంచేటప్పుడు

సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, గోడకి మడమ ఆనించి ఏ4 పేపరు మీద నిలబడి పొడవు గుర్తుపెట్టుకోండి, రెండు కాళ్ళకీ. ఇండియా సైజు నంబర్ని నమ్ముకోకుండా ఆ సెంటీమీటర్లని కంపెనీ చార్టుతో పోల్చండి. షిమానోలో 42 అంటే 26.5 సెంటీమీటర్ల పాదం, ఇంకో కంపెనీలో అదే 42 వేరేగా ఉండొచ్చు. చిన్నప్పటినుంచి చెప్పులతో తిరిగిన పాదాలు మనవి, ముందు భాగం వెడల్పుంటాది, వైడ్ అని రాసున్న మోడల్ దొరికితే అది చూడండి. సైజు పెంచి వెడల్పు సర్దుకోవాలనుకుంటే మడమ లోపల జారతాది.

సోల్ నైలాన్‌ది చాలు. కార్బన్ గట్టిదే, తేలికే, కానీ ఆ తేడా తెలిసేది రేసుల్లో తొక్కేవాళ్ళకి, మిగతావాళ్ళకి జేబుకి తెలుస్తాది. బిగింపుకి వెల్‌క్రో పట్టీలు చౌక, ఇసుక పడినా దులుపుకుంటే పోతాది. తిప్పే డయల్ సుఖం, తొక్కతానే సర్దుకోవచ్చు, పాడైతే పార్టు తెప్పించుకోవాల. అన్నిటికన్నా మన వేడికి గాలి ఆడే మెష్ ఉండేది చూడండి, నల్ల రంగు నిండు షూ ఏప్రిల్లో వేసుకుంటే తెలుస్తాది.

బిగించేటప్పుడు

షూ వేసుకుని బొటనవేలి కింద ఉబ్బుగా ఉండే ఎముక ఎక్కడుందో, చిటికెన వేలి వైపు అలాంటిదే ఎక్కడుందో బయట పెన్నుతో గుర్తుపెట్టండి, పెడల్ ఇరుసు ఆ రెండు గుర్తుల మధ్యకి వచ్చేట్టు క్లీట్ జరపండి. మొదట్లో ఇంకాస్త మడమ వైపు ఉన్నా తప్పులేదు, ముందుకి మాత్రం వద్దు, పిక్క మీద భారం పడతాది. బోల్టులకి 4 ఎమ్ఎమ్ అలెన్ కీ, బిగింపు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. మరకి గ్రీజు పూసే బిగించండి, సముద్రం పక్కన ఉప్పుగాలికి అది లేకపోతే తుప్పు పట్టి మళ్ళీ క్లీట్ మార్చేనాటికి బోల్టు రాదు. ఊడదీసేటప్పుడు బోల్టు తలలో ఇరుక్కున్న ఇసుకని సూదితో గీకి తీసి అప్పుడు అలెన్ కీ పెట్టండి, లేకపోతే తల గుండ్రంగా అరిగి డ్రిల్లు మిషను దాకా పోతాది యవ్వారం.

పెడల్ వేయించేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటాది, మెకానిక్కుకి చెప్పండి, బలవంతంగా తిప్పితే క్రాంకు మర పోతాది. క్లీట్‌ని పెడల్ ఎంత గట్టిగా పట్టుకోవాలో సర్దే టెన్షన్ స్క్రూని పూర్తిగా వదులు చేసి పెట్టుకుని, గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చుని ఒక్కో కాలు పెట్టడం తీయడం చేతికి వచ్చేదాకా చేయండి, తర్వాత ఖాళీ రోడ్డు, ఆ తర్వాతే ట్రాఫిక్. మొదటి రైడ్ అయ్యాక బోల్టులు ఇంకోసారి చూడండి, కాస్త వదులవుతాయి. దూరం పొయ్యేటప్పుడు ఒక స్పేర్ బోల్టు శాడిల్ బ్యాగులో పడేసుకోండి: ఒక బోల్టు ఊడి క్లీట్ పెడల్లోనే తిరగడం మొదలైతే మడమ ఎంత తిప్పినా కాలు బయటికి రాదు, షూ విప్పి దిగాల్సిందే.